మొరాయించిన రెండో క్రేను

మధ్యాహ్నం రెండులోపు జరిగి తీరాల్సినవి: మూడుకు బదులు నాలుగు బ్యాచ్‌ల రాగి తీయాలి. క్రేను కోసం ఫర్నేసు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. కరిగిన లోహంలోకి గాలి ఊది రాగిని శుద్ధి చేసే రెండు కన్వర్టర్లకూ వంతులవారీగా గాలి అందాలి.

ఈ మూడూ చీటీ మీద రాసుకుని ఇంజనీరమ్మాయి హెల్మెట్ లోపల దోపుకుంది. రెండు క్రేన్లూ ఏ నిమిషానికి ఎక్కడుండాలో తానే టైంటేబుల్ వేసి డ్రైవర్లకు పంచింది. నాలుగో బ్యాచ్ రాకపోతే రెండో కన్వర్టర్ మూతపడుతుంది, దాని మీద పనిచేసే నలభై మందీ ఇంటికి.

తొమ్మిదయింది. పూర్తయింది ఒక్క బ్యాచే.

"ఈ లెక్కన నాలుగోది రేపొస్తుంది," అన్నాడు మేనేజరు.

అంతలో వాకీటాకీ గరగరలాడింది. రెండో క్రేను డ్రైవరు. ఎప్పుడూ పైనే ఉంటాడని అందరికీ పైలట్ బాబాయ్.

"బండి మొరాయిస్తోందమ్మా. పట్టాల చివరికి తీసుకెళ్లి ఆపేస్తున్నా."

"ఇవాళేనా బాబాయ్? రెండింటిదాకా లాగలేరా?"

"నా వల్ల కాదు. ఒకటో క్రేనుతో కానివ్వు."

కానిచ్చింది. ఒకటో క్రేను కరిగిన లోహం నిండిన బకెట్టు ఎత్తింది, కన్వర్టర్‌లో వంచింది, గిరుక్కున వెనక్కొచ్చింది. మళ్లీ ఎత్తింది. పదీ నలభైకి రెండో బ్యాచ్. పన్నెండూ ఇరవైకి మూడోది. అన్నం డబ్బాల మూత తీసినవాడు లేడు.

"ఫర్నేసుకి ఇవాళ పూనకం వచ్చినట్టుంది," అంటూ మేస్త్రీ పరుగెత్తాడు. ఆమె కూడా పరుగెత్తింది.

రెండుకి పది నిమిషాలుండగా నాలుగో బ్యాచ్ నారింజరంగు ధారగా దిగింది. నలభై మందీ ఈలలు వేశారు.

"ఒక్క క్రేనుతో నాలుగు," మేనేజరు హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "అది కూడా బాగుంటే ఐదయ్యేవి. ముందు రిపేరు చేయించు."

మెకానిక్‌ని వెంటబెట్టుకుని ఆమె ఇనప మెట్లెక్కింది. అతను మీట నొక్కాడు. క్రేను మెత్తగా కదిలింది.

"దీనికే రోగమూ లేదు మేడమ్."

పైలట్ బాబాయ్ జేబులోంచి ఆమె టైంటేబుల్ తీశాడు. "ఇందులో నా బండి ఒకటో క్రేనుని దాటుకుని పోతోందమ్మా. రెండూ నడిచేది ఒకే పట్టాల మీద. దాటడం నాకు రాదు."

ఆమె ముఖం ఎర్రబడింది. "పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"లెక్క తప్పంటే నీ ప్లానే ఆపేసేవాళ్లు. బండి చెడిందంటే పని ఆగదుగా."

మీ ఇంట్లో స్విచ్ వేసేటప్పుడు, తీగలో రాగి ఉంటుంది కనుక, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. ఆ ఐదు గంటలూ ఆయన చేసిన పనల్లా చేతులు కట్టుకుని కూర్చోవడమే.