ఊడితే గెలుపు

సాగదీసే యంత్రం దవడల మధ్య ఆ రబ్బరు దిమ్మను బిగిస్తుంటే, దాని తయారీ పద్ధతి రాసిచ్చిన ద్రహోమీరా ఒక అడుగు ముందుకు జరిగి చూసింది.

పిడికిలంత వస్తువు. రెండు ఉక్కు పలకలు, మధ్యలో నల్లటి రబ్బరు. ఇంజిను కింద పెడితే దాని అదురు బయటికి రానివ్వదు. దాని కోసమే చెక్ దేశంలోని జ్లీన్ ఊళ్లో రెండు కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకుంటున్నాయి.

ఉక్కు మీద రెండు పూతల జిగురు వేస్తే, రబ్బరు చిరుగుతుందే గాని ఉక్కును వదలదు. అవతలివాళ్ల పేటెంటు అదే. మీరు దాన్ని కాజేశారని వాళ్ల దావా. మేం రెండో పూతే వెయ్యం, మా రబ్బరు లాగితే ఊడొచ్చేస్తుందని ద్రహోమీరా కంపెనీ జవాబు. అయితే లాగి చూడండి అంది కోర్టు.

"చిరిగితే మునిగాం. ఊడితే గెలిచాం," డైరెక్టర్ బోహుమిల్ ఆమె చెవిలో గొణిగాడు.

"రెండో పూత నిజంగానే తీసేశారా డైరెక్టర్ గారూ? నేను రాసిచ్చిన పద్ధతిలో ఉంది కదా! కోర్టు కోసం అలా చెబుతున్నారనుకున్నా."

"పోయిన శీతాకాలంలోనే తీసేయించా. నీకు తెలిస్తే గోల చేస్తావని చెప్పలేదు. చూడు, ఇవాళ అదే మనల్ని గట్టెక్కిస్తుంది."

ఆమె వెంటనే తలుపు వైపు నడిచింది.

"ఒక్క నిమిషం బయటికెళ్లి వస్తానండీ. ఫోను చేసుకోవాలి."

"పరీక్ష అయ్యేదాకా ఎవరూ కదలకూడదమ్మా," అన్నాడు కోర్టు పంపిన నిపుణుడు. ఫోన్లన్నీ ముందే బయట పెట్టించేశాడు.

యంత్రం మూలిగింది. రబ్బరు సాగింది. నడుము దగ్గర సన్నబడి, నలుపు తగ్గి బూడిద రంగుకు తిరిగింది. అయినా పలకను వదల్లేదు. ఇంకా సాగింది. బోహుమిల్ నుదుటన చెమట పట్టింది.

ద్రహోమీరా కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి.

"దేవుడూ గీవుడూ లేడంటావుగా, ఎవరికి మొక్కుతున్నావ్?" అన్నాడు బోహుమిల్, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

టప్‌మని చప్పుడు.

ఆమె కళ్లు తెరిచింది. పై పలక కడిగిన కంచంలా మెరుస్తోంది. దాని మీద రబ్బరు మరక కూడా లేదు.

"ఉక్కు దగ్గరే ఊడింది. ఇది పేటెంటు పద్ధతి కాదు," అన్నాడు నిపుణుడు. అవతలి లాయరు మొహం మాడ్చుకున్నాడు.

బోహుమిల్ ఆమెను గట్టిగా వాటేసుకున్నాడు. "గెలిచాం! పద, ఇవాళ స్లివోవిత్స సారా నా తరఫున. సీసా ఖాళీ అయ్యేదాకా!"

ఆమె అతన్ని ఒక్క తోపు తోసి వసారాలోకి పరుగెత్తింది. ఫోను లాక్కుంది. ఒకసారి తప్పు నంబరు నొక్కింది. మళ్లీ చేసింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేసింది.

బోహుమిల్ ఆయాసపడుతూ వెనకే వచ్చాడు. "ఎవరికి, మీ ఆయనకా? ఇలా ఇవ్వు, శుభవార్త నేను చెబుతా."

ఆమె ఫోను వదల్లేదు.

పోయిన నెల ఆమె తన చేత్తో ఇంటికి పట్టుకెళ్లిన అలాంటి నాలుగు దిమ్మల మీదే, ఆ క్షణాన ఆమె కూతురు ఒంటరిగా గాల్లో నడుపుతున్న చిన్న విమానం ఇంజిను నిలబడి ఉంది.