కొత్త కుర్చీ

"కూర్చోమ్మా," అన్నాడు బట్టల షాపు యజమాని, కౌంటర్ వెనక కొత్త కుర్చీ వేసి.

సేల్స్‌గర్ల్ మెడలోని టేపు తీసి కౌంటర్ మీద పెట్టింది.

"నేనేం తప్పు చేశాను సార్?"

"తప్పేం లేదు. చట్టం మారింది. నిలబడి పనిచేసేవాళ్లందరికీ కుర్చీలు వెయ్యాలట. వెయ్యకపోతే నా పీకల మీదికొస్తుంది."

"మీరు కూర్చోమన్నవాళ్లెవరూ మర్నాడు పనిలోకి రాలేదు సార్."

యజమానికి ఒక్కొక్కరే గుర్తొచ్చారు. పనిలోంచి తీసేసేముందు ప్రతివాళ్లనీ కూర్చోబెట్టే చెప్పాడు. అది మర్యాద అనుకున్నాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"కాసేపు బయటికెళ్లి రండి సార్."

వెళ్లాడు. రోడ్డు మీద నిలబడి అద్దంలోంచి లోపలికి చూశాడు. ఆమె కూర్చుంది. కుర్చీ అంచున, తలుపు వైపే చూస్తూ.