ముఖం చూపించిన పది రోజులు

మొదటిసారి ఆఫీసుకి బయలుదేరిన రోజు ప్యాంటు గుండీ పట్టలేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. చేరింది ఇంట్లోంచే, పనీ ఇంట్లోంచే. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. కంప్యూటరు కెమెరాకి నేను నడుము దాకానే తెలుసు. అదీ చేరిన కొత్తలో. తర్వాత మా టీములో ఎవరూ కెమెరా తెరిచిన పాపాన పోలేదు.

హాయిగా గడిచిపోతోందనుకుంటుండగా మా బాస్ ఫోన్ చేశాడు. ఆయన కూడా ఇంట్లోంచే పనిచేస్తాడు.

"టీము లీడరుగా మీ పేరు రాశానండీ. పైవాళ్లేమో అసలు ఈయనెవరు అంటున్నారు. పది రోజులు ఆఫీసుకెళ్లి అందరికీ ముఖం చూపించండి. పదో రోజు నేనే వచ్చి కనుక్కుంటాను. అక్కడివాళ్లు మిమ్మల్ని గుర్తుపడితే సరే, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. సంగతి విని ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించింది. నడిమధ్య గీత గీసి ఎడమ పక్కన 'ఇల్లు' అని, కుడి పక్కన 'ఆఫీసు' అని రాసింది.

"దేనివల్ల ఏం లాభమో రాయండి," అంది.

ఇల్లు కింద నేను 'మధ్యాహ్నం కునుకు' అని రాశాను. ఆవిడ పెన్ను లాక్కుని ఆఫీసు కింద 'మధ్యాహ్నం కునుకు ఉండదు' అని రాసింది.

"ఇంట్లో కూర్చుని పనిచేయడం ఎంత కష్టమో నీకేం తెలుసు?"

"నిజమే. ఇంట్లోంచి ఇంజెక్షన్లు వేసే వీలు మాకింకా రాలేదుగా."

రెండో తరగతి చదివే మా అమ్మాయి తన నోటుపుస్తకం తెచ్చింది. 'మా నాన్న పని' అని బడిలో రాయమన్నారట. ఒక్కటే వాక్యం రాసింది. 'మా నాన్న రోజంతా వినిపిస్తోందా అని అడుగుతాడు.' దానికి టీచరు పదికి పది వేసింది. అది చూశాక నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

వెళ్లాను. ఆ భవనానికి రంగులు వేస్తున్నారు. బోర్డులన్నీ విప్పి కింద గోడకి ఆనించి పెట్టారు. లిఫ్టు పనిచేయడం లేదు. కుర్చీకి అలవాటుపడ్డ మోకాళ్లతో ఆపసోపాలు పడుతూ మెట్లెక్కి, గాజు తలుపు దగ్గర కార్డు పెట్టాను. తెరుచుకోలేదు. రెండేళ్లు సొరుగులో పడి ఉంది కదా, అదీ నాలాగే తుప్పు పట్టి ఉంటుంది.

తలుపు దగ్గర కాపలా పెద్దాయన, "కొత్తగా చేరారా సార్?" అన్నాడు.

"రెండేళ్లయింది బాబాయ్," అన్నాను.

గుర్తుపట్టనందుకు పాపం నొచ్చుకుని తలుపు తీశాడు. ఆ రోజు నుంచీ నన్ను చూడగానే లేచి ఆయనే తీసేవాడు.

లోపల ఎవరి సీటంటూ లేదు, ముందొచ్చినవాళ్లు కోరుకున్న చోట కూర్చోవచ్చు. నేను నీళ్ల మెషిన్ పక్కన, కిటికీ దగ్గర కుదురుకున్నాను. ఆఫీసు నెట్ నన్ను దగ్గరికి రానివ్వకపోతే ఫోన్ నెట్‌తోనే పని కానిచ్చాను.

టీము మీటింగు మొదలైంది. చెవిలో గొంతులు, ఎదురుగా హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులు. ఏ గొంతూ ఎవరి పెదాలతోనూ కలవలేదు. నెట్ నెమ్మదిగా ఉందనుకున్నాను. మా టీములో మాటకోసారి దగ్గే ఒకాయన ఉన్నాడు. మీటింగు అయ్యాక ఆయనెవరో వెతికాను. బొద్దుగా ఉన్న ఓ మనిషిని చూసి, ఈయనే అని తేల్చుకుని భుజం తట్టాను.

"దగ్గు తగ్గిందా అండీ?"

"నాకు దగ్గెప్పుడండీ?"

మొహమాటస్థుడు కాబోలనుకున్నాను.

వారం తిరిగేసరికి అందరికీ తలలో నాలుకలా అయిపోయాను. ప్రింటరు మొండికేస్తే నన్నే పిలిచేవారు. ఒకమ్మాయి పుట్టినరోజుకి కేకు మొదటి ముక్క నా చేతిలోనే పెట్టింది. ఎనిమిదో రోజు పెద్ద మేడమ్ నా సీటు దాకా వచ్చి, "మీలాంటివాళ్లు ఇంకో ఇద్దరుంటే చాలు," అంది.

ఇంటికెళ్లి ఫ్రిజ్ మీద 'ఇల్లు' మొత్తం కొట్టేసి, 'ఆఫీసు' కింద 'మనిషికి గుర్తింపు' అని రాశాను. రెండేళ్లు ఇంట్లో కూర్చుని ఎంత పోగొట్టుకున్నానో అనిపించి కళ్లు చెమర్చాయి.

"ప్రింటరు బాగుచేశారా, మీరా?" అంది మా ఆవిడ. "మన వంటింట్లో బల్బు మార్చడానికి ఆరు నెలలు పట్టిందే."

పదో రోజు మధ్యాహ్నం బాస్ ఫోన్ చేశాడు.

"ఆఫీసుకొచ్చానండీ. మీరెక్కడ?"

"నీళ్ల మెషిన్ పక్కన సార్, కిటికీ దగ్గర."

"నేనూ అక్కడే ఉన్నాను."

లేచి చుట్టూ చూశాను. "చెయ్యి ఊపుతున్నాను సార్," అన్నాను. ఆఫీసంతా ఆప్యాయంగా నాకు చెయ్యి ఊపింది. బాస్ మాత్రం ఎక్కడా లేడు.

"చూడండి," ఆయన గొంతు మారింది. "ఇక్కడ ముప్ఫైమందిని అడిగాను. మిమ్మల్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంట్లో పడుకుని ఆఫీసులో ఉన్నానని చెబుతున్నారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రెండేళ్లలో కునుకు తీయకుండా పనిచేసింది ఈ పది రోజులే. వాటికే ఎసరు పెడితే ఎలా ఊరుకుంటాను? ఫోను స్పీకరులో పెట్టి నేరుగా పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను.

"బాబాయ్, మా బాస్ వింటున్నారు, గట్టిగా చెప్పు. నేను రోజూ వచ్చానా లేదా?" కంపెనీ పేరు చెప్పి మరీ అడిగాను.

పెద్దాయన లేచి టోపీ సర్దుకుని, ఫోనుకి సెల్యూట్ కొట్టాడు.

"సార్ రోజూ తొమ్మిదింటికల్లా వస్తున్నారండీ, కాకపోతే మీ కంపెనీ మా పై అంతస్తులో ఉంది."