ఒకే హులిగెమ్మ

"ఈ స్పెల్లింగు దిద్దమని మిమ్మల్నెవరు అడిగినారు సార్?" అంది ప్రమీల, ప్రూఫు పేజీలు బల్ల మీద పడేస్తూ.

సాయిరాం కంగుతిన్నాడు. అతను బెంగళూరులో ఒక ప్రచురణ సంస్థకు ఎడిటరు. మంత్రాలయం వచ్చినవాడు, ప్రమీల రాసిన తొలి ఇంగ్లీషు నవల ప్రూఫులు చూపించిపోదామని ఎమ్మిగనూరులో దిగాడు.

"ఒకే మనిషి పేరు ఒకచోట హెచ్‌తో, ఇంకోచోట యుతో మొదలుపెట్టారు మేడమ్. అన్నీ ఒకేలా మార్చాం. అది మా పద్ధతి."

"రేషను కార్డులో యు, ఆధార్‌లో హెచ్. ఇద్దరూ ఒకరు కాదని హులిగెమ్మకు పింఛను ఆపుతారు. కథంతా అదే. ఇప్పుడు రెండు కార్డుల్లోనూ ఒకే పేరుంది. గుమస్తా మాత్రం కలవలేదంటాండాడు. చదివేవాళ్లు నవ్వుతారు."

"తేడాగా వేస్తే మా అచ్చుతప్పనుకుంటారు కదా."

"తప్పు ఆఫీసోళ్లది. దాన్ని మీరు దాచిపెడతాండారు."

గడపలో శెనక్కాయలు ఒలుస్తున్న తల్లి తలెత్తింది. నవలలో పేరు ఆమెదే, పడిన పాట్లూ ఆమెవే.

"ఏమంటాడు పాపా ఆయప్ప?"

"నీ పేరు అన్ని కార్డుల్లో సక్కంగా రాసినాడంటమ్మా."

"ఇప్పుడా?" అంది హులిగెమ్మ. "ఆ పొద్దు నువ్వు నువ్వు కాదు పొమ్మనిరి. ఆ తిప్పలు తీసేస్తే ఇంగ నా కత యాడుంది?"

సాయిరాం సంచిలోంచి ఒప్పందం తీసి ప్రమీల ముందు పెట్టాడు.

"స్పెల్లింగుల మీద చివరి మాట మాదేనని ఇందులో ఉంది. సంతకం పెట్టారు. మీరు వద్దన్నా ఈ వారం అచ్చుకు పోతుంది."

రెండేళ్లు రాసిన నవల. ప్రమీల కాగితం అందుకుని మొదటి పేజీ నిదానంగా చదివింది. తర్వాత దాన్ని అతని వైపే తిప్పి, పైన ఉన్న పేరు మీద వేలు పెట్టింది.

"ఈమె ఎవరు సార్?"

"మీరే కదా."

"ఇంగ్లీషులో నా పేరు నడుమ రెండు 'ఇ'లుంటాయి. ఈడ వాటి బదులు ఒక్క 'ఐ' ఉంది."

"టైపింగులో చిన్న తేడా మేడమ్. సంతకం మీదే కదా?"

"పింఛను కాడ మాయమ్మ పెట్టిన వేలిముద్ర గూడా మాయమ్మదే. ఎవరు ఒప్పుకున్నారు?" ప్రమీల లేచి వాకిలి వైపు చెయ్యి చూపింది. "ఈ పేరు గలామె ఈ ఇంట్లో లేదు సార్. యాడుందో ఎతుక్కోండి."