పలుకురాళ్ల సగటు

"పలుకుల్ని చూసి ఏరుతున్నావు కదూ?"

పెద్దసారు ల్యాబు గుమ్మంలోనే నిలబడి అడిగాడు. అమ్మాయి చేతిలో పట్టకారు గాల్లో ఆగిపోయింది.

"లేద్సార్."

"మరి సగటు ఎందుకు నిలబడట్లేదు? ఓ రోజు పైకి, ఓ రోజు కిందికి! గుండ్రటి గోళీలు వేసినప్పుడు ఇట్టే తేలిపోయిందిగా?"

"గోళీలు చెప్పిన మాట వింటాయి సార్." నల్ల తెర అవతలి నుంచి కెమెరా అక్క గొంతు వినిపించింది. "ఈ పలుకులు మా ఆడపడుచు లాంటివి. ఎక్కడ తగిలితే ఎటు ఎగురుతాయో ఎవరికీ తెలీదు."

"నిన్నడగలేదు."

"నేనూ మీకు చెప్పలేదు సార్. గోడకి చెప్పా."

అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

పని చూడ్డానికి చిన్నదే. నువ్వుగింజంత పలుకురాయిని పళ్ళెంలోంచి పట్టకారుతో తీసి, ఉక్కు పలక మీదికి వదలాలి. తెర అవతల చీకట్లో కూర్చున్న అక్క, కెమెరాలో చూసి, అది ఎంత వేగంతో పడిందో, ఎంత వేగంతో లేచిందో కొలుస్తుంది. మొన మీద పడితే ఒకలా ఎగురుతుంది, వెల్లకిలా పడితే ఇంకోలా. అందుకని విడతకి చాలా పలుకులు వేసి సగటు కట్టాలి. విడత మారినా సగటు మారకపోతే పరీక్ష అయిపోయినట్టే. నియమం ఒక్కటే. పలుకును చూడకుండా తియ్యాలి.

అమ్మాయి చూసే తీస్తోంది. ఒక విడతలో అన్నీ బల్లపరుపువి, మర్నాడు కాస్త బొద్దుగా ఉన్నవి.

పరీక్ష అయిపోతే అక్క కెమెరా సర్దుకుని వేరే భవనానికి వెళ్ళిపోతుంది. అమ్మాయి మళ్ళీ జల్లెడ గదికి పోవాలి. అక్కడ యంత్రం తిరుగుతుంటే మనిషి అరిచినా వినపడదు. అరవడానికి ఇంకో మనిషీ ఉండదు. సాయంత్రం అద్దె గదికి వెళ్ళి తలుపు తీస్తే పొద్దున తను వదిలేసిన చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయో అటే ఉంటాయి. ఇంత పెద్ద ఊళ్ళో ఆమెను "తిన్నావా?" అని అడిగేది ఆ నల్ల తెర ఒక్కటే.

"ఇవాళ నేనిక్కడే కూర్చుంటా," అంటూ పెద్దసారు స్టూలు లాక్కున్నాడు. భోజనం డబ్బా కూడా తెచ్చుకున్నాడు. ఆయన గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోందట. ఆ ఫ్యాను ఈ పరీక్ష మొదలైనప్పటి నుంచీ చప్పుడు చేస్తూనే ఉంది.

"కళ్ళు మూసుకుని తియ్యి."

అమ్మాయి కళ్ళు మూసుకుంది. పట్టకారుకు ఏదో దొరికింది.

"వదులుతున్నా అక్కా."

"ఊఁ, వదులు. ఆఁ... వచ్చింది. బుద్ధిమంతురాలు, నిటారుగా లేచింది. నిన్న గొంతు నొప్పన్నావు, తగ్గిందా చెల్లీ?"

"కొంచెం."

"వేడినీళ్ళు తాగమన్నానా, తాగావా?"

"పని చూడండి," అన్నాడు పెద్దసారు. స్టూలు సర్దుకుని, "ఉప్పేసి పుక్కిలిస్తే ఇంకా మంచిది," అని గొణిగాడు.

మధ్యాహ్నానికి ఒక విడత అయింది. అక్క లెక్క కట్టి చదివింది. ఇంకో విడత వేశారు. కళ్ళు మూసుకుంటే చేతికి బొద్దువీ బల్లపరుపువీ కలగలిసి దొరుకుతున్నాయి. ఒక్కటైనా పిచ్చిగా ఎగరకూడదా అనుకుంది అమ్మాయి. కొన్ని ఎగిరాయి కూడా. కానీ వాటికి సరిపడా కొన్ని చతికిలబడ్డాయి.

"ఎంతొచ్చింది?"

తెర అవతల అక్క కాగితం అటూ ఇటూ తిరగేసింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"ఇందాకటి విడతలాగే ఉంది సార్. కదల్లేదు."

ఉక్కు పలక మీద లైటు తెల్లగా మెరుస్తోంది. అమ్మాయి కళ్ళు తెరవలేదు. తెరిస్తే కారిపోయేలా ఉన్నాయి.

"రేపట్నుంచి నేను జల్లెడ గదికి పోవాలా సార్?"

"సగటు నిలబడితే పోవాలిగా. రూలు రూలే."

అక్క ఏదో ఒకటి అంటుందని అమ్మాయి ఎదురుచూసింది. కుర్చీ కిర్రుమంది, అంతే. గోడకి కూడా ఏమీ చెప్పలేదు.

పెద్దసారు డబ్బా మూత బిగించాడు. మళ్ళీ వదులు చేశాడు. మళ్ళీ బిగించాడు.

"ఇంకొక్క విడత. అదీ ఇలాగే వస్తే సంతకం పెట్టి పైకి పంపించేస్తా. కానివ్వు."

అమ్మాయి మూసిన కళ్ళతోనే పట్టకారు చాపింది. దానికి ఉత్త బల్ల తగిలింది. అటూ ఇటూ తడిమింది. పళ్ళెం అక్కడ లేదు.

"సార్, పళ్ళెం..."

"ష్... ఉండు."

ఆమె కళ్ళు తెరిచింది.

పెద్దసారు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బల్లపరుపు పలుకుల్ని గోటితో ఒక్కొక్కటే ఏరి ఆమె ముందు పేరుస్తున్నాడు.