కట్టులకు పోయిన చీమలు

తెలంగాణ కోసం సమ్మె. సిరిసిల్లల నేత సాంచాలన్నీ బందు. ఆ మోత లేక దవాఖానల మార్కండేయులుకు నిద్ర పడుతలేదు.

షుగరుకు మొద్దుబారిన కుడికాలికి చీము పడితే కట్టు గట్టిండ్రు. సాయంత్రం డాక్టరు వేళ్లకు సూది గుచ్చితే తెలువలేదు. "రేపటికీ గిట్లనే ఉంటే కాలు తీసేసుడే" అన్నడు.

కరెంటు పోయింది. సెల్లు లైటేసిండు. మంచంకోడు మీదికెల్లి చీమలు బారుగట్టి కాలి కట్టు లోపటికి పోతున్నయి. ఒక్కటి గూడ తిరిగి బయటికొస్తలేదు. కాలికేమో సోయి లేదు. ఊపిరి బిగబట్టి చూస్తున్నడు.

బొటనవేలు చురుక్కుమన్నది.

కేక పెట్టిండు. కింద పండుకున్న భార్య లసుమవ్వ లేచి, చీమలను జూసి దులపవోయింది.

"దులపకే!" ఆమె చెయ్యి వట్టుకున్నడు. కండ్లనిండ నీళ్లు, మొఖంనిండ నవ్వు. "కుట్టింది నాకు తెల్సింది లసుమా! ఇంకొక్కసారి కుట్టనియ్యి."