మూతి మీది జాజు

“మొగడు ఎన్నడొచ్చి పోయిండే?” అని అడిగింది ఎల్లక్క, జాజు నూరుతూ.

రామి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కుండలు చేసే సారె వెనక ముడుచుకుని కూర్చుంది. కింది పెదవి మీద పొక్కులు గుత్తిగా లేచి పచ్చిగా మెరుస్తున్నాయి.

గంగారంలో మూతి మీద సర్పి లేస్తే దవాఖానకు పోయేవాళ్లు లేరు. దవాఖాన ఉంటే కదా పోవడానికి. కుమ్మరి ఎల్లక్క దగ్గరికే రావాలి. కుండలకు పూసే ఎర్రమట్టి, ఆ జాజునే మెత్తగా నూరి, కోడి ఈకతో పొక్కుల చుట్టూ గీత గీస్తుంది. సర్పి ఆ గీత దాటి పాకదని నమ్మకం. జాజు ఎండేదాకా నోరు మెదపకూడదు. మెదిపితే గీత పగిలి మందు పారదు.

ఈ నియమం ఎవరు పెట్టారోగానీ, ఎల్లక్కను చూసి మాత్రం పెట్టి ఉండరు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

“నీ మొగనికి ఏటా ఎండకాలం గిదే సర్పి లేస్తది. మీ లగ్గం నాడు గూడ నేనే జాజు పెట్టిన. ఇది ఎంగిలికి అంటుకునే రోగం బిడ్డా. భోజ్యా ఇంటికొచ్చిండు. నాకు తెల్వదా?”

రామి కళ్లు నిండాయి. “గది కాదు అవ్వా...”

“చెప్పకు. చెప్పకుంటనే మంచిది.”

భోజ్యా దొరల మీద తిరగబడ్డ సంగంలో చేరి అడవి పట్టాడు. అప్పటి నుంచి నిజాం పోలీసులు ఊరి బడిలో క్యాంపు వేసి, భోజ్యా వాళ్ల తండాను జల్లెడ పడుతున్నారు. అతని తండ్రి వాల్యాను చింతకు కట్టేసి కొడితే, ముసలాయన మళ్లీ మంచం దిగలేదు. భోజ్యా ఆనవాళ్లు చెప్పిన పట్వారీ ఆ మూతి సర్పిని కూడా వదల్లేదు. ఇప్పుడు రామి మూతి చూస్తే చాలు, అతను వచ్చిపోయాడని పోల్చుకుంటారు. ఆ తర్వాత తండా మిగలదు. ఎల్లక్క భయమంతా అదే.

ఇక్కడికి రాకముందే రామి వెన్న రాసి చూసింది. వేపాకు, పసుపు కలిపి పెట్టింది. పొక్కులు ఇంకా పచ్చిగా తేలాయి గాని పోలేదు.

“ఎట్లన్న పోవాలె అవ్వా. ఆయన సూడొద్దు,” అంది రామి.

ఎల్లక్క నవ్వింది. “ఇచ్చినోడు సూస్తే ఏమైతదే పిచ్చిదానా? క్యాంపోళ్లు సూడకుండాలె గాని.”

“సూసిండంటే ఆగడు. సచ్చిపోతడు.”

“పెండ్లాం మీద గంత పాయిరమా!”

రామి ఏడుస్తూ ఆమె చేయి పట్టుకుంది. “అవ్వా, జర నా మాట ఇను...”

“సప్పుడు చెయ్యకు,” అంటూ ఎల్లక్క ఈకను పెదవి కింద ఆనించింది. గీత పూర్తయింది. రామి నోరు మూతపడింది.

అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడు వినబడింది. క్యాంపు పోలీసులకు పెద్ద, అమీను. వడగాలికి మూతికి రుమాలు కట్టుకున్నాడు. వెనక ఇద్దరు పోలీసులు.

ఎల్లక్క కొంగు లాగి రామి ముఖం కప్పబోయింది గాని, అమీను అప్పటికే చూశాడు.

“ఏంది గది?” కర్రతో రామి మూతి వైపు చూపించాడు.

“రొట్టె పెనం తాకి కాలింది దొరా. జాజు పెట్టిన. మాట్లాడితే మందు పారదు.”

అమీను రామిని చాలాసేపు చూశాడు. రామి గోడకు అతుక్కుపోయింది. కొంచెం ఓర్చుకొమ్మని ఎల్లక్క ఆమె చేయి నొక్కింది.

భోజ్యా మాటే అడగలేదు అమీను. నమ్మాడు. ఎల్లక్క మనసులోనే సమ్మక్క తల్లికి నిలువెత్తు బెల్లం మొక్కుకుంది.

అమీను పోలీసులను బయటికి పంపి, సారె పక్కన గొంతుకూర్చుని, రుమాలు విప్పి, కింది పెదవి మీద గుత్తిగా లేచిన పొక్కులు చూపిస్తూ, “నాకు గూడ జర జాజు పెట్టు,” అన్నాడు.